గండికోట చుట్టుపక్కల ఊళ్లకు: పర్యాటకుడి రూపాయి ఊళ్లోనే నిలిచే పద్ధతి

శనివారం సాయంత్రం జమ్మలమడుగు దాటి గండికోట రోడ్డు ఎక్కే కార్లను గమనించండి. కర్ణాటక నంబర్ బండ్లే వరసగా కనబడతాయి. బెంగళూరు నుంచి సుమారు 280 కిలోమీటర్లు, వీకెండ్‌కు సరిపోయే దూరం. టెంటు, మసాలా పట్టించిన చికెన్, బొగ్గులు, నీళ్ల బాటిళ్లు అన్నీ డిక్కీలోనే ఉంటాయి. తెల్లారి పెన్నా లోయ మీద సూర్యోదయం ఫోటోలు తీసుకుని, కోటలో మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం ఒక చుట్టు చుట్టి బేలం గుహలకు పోతారు. ఊళ్లో వాళ్లు పెట్టే ఖర్చు మహా అయితే రెండు టీలు. ప్లేట్లు, సీసాలు మాత్రం ఇక్కడే మిగులుతాయి.

కేంద్ర ప్రభుత్వం 2024లో గండికోట అభివృద్ధికి 77.91 కోట్లు మంజూరు చేసింది. జనం ఇంకా పెరుగుతారు, పెద్ద హోటళ్లూ వస్తాయి. ఎంతమంది వచ్చారన్న లెక్క ప్రభుత్వం చూసుకుంటుంది. ఊరు చూసుకోవాల్సిన లెక్క వేరే ఉంది: వచ్చినవాళ్ల డబ్బులో ఎంత ఊళ్లో ఆగింది, దానికి మన నీళ్లు ఎన్ని ఖర్చయ్యాయి. ఈ రెండు లెక్కలూ వేసుకోకుండా హోమ్‌స్టే (ఊరివాళ్ల ఇంట్లోనే అతిథులకు బస) గదులు కట్టడం మొదలుపెట్టొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. గండికోటను ఉదాహరణగా తీసుకున్నా, యాగంటి పక్క ఊరికైనా, లేపాక్షి పక్క ఊరికైనా ఇదే దారి పనికొస్తుంది.

1. ముందు నలుగురినీ కూర్చోబెట్టండి

ఇలాంటి పనులు సాధారణంగా ఒక ఉత్సాహవంతుడి ఇంట్లో మొదలవుతాయి. సిటీలో ఉద్యోగం చేసి వచ్చిన కుర్రాడు రెండు గదులు బాగు చేయించి ఆన్‌లైన్‌లో పెడతాడు. తప్పేం లేదు, కానీ అది అతని వ్యాపారం. ఊరి పని కావాలంటే గ్రామసభలో మాట పడాలి. దళితవాడ వాళ్లు, గొర్రెల కాపరులు, పొదుపు సంఘాల ఆడవాళ్లు ఆ సభలో ఉండాలి. సభ పెట్టే వేళ కూడా ముఖ్యమే. పొద్దున పదింటికి పెడితే కూలికి పోయేవాళ్లు రాలేరు. రాత్రి ఎనిమిది తర్వాత రచ్చబండ దగ్గర పెట్టండి.

సభలో అడగాల్సినవి మూడే. బయటివాళ్లు ఊళ్లోకి రావడం మనకు ఇష్టమేనా? ఏ చోటికి రాకూడదు? ఎన్ని రోజులు రాకూడదు? మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. జాతర, పీర్ల పండగ, ఎవరింట్లోనైనా చావు, చెనిక్కాయ పీకే హడావుడి రోజులు, ఇవన్నీ ముందే క్యాలెండర్ మీద రాసి పక్కన పెట్టేయాలి. జాతరకు అతిథులను పిలవాలా వద్దా అన్నది ఊరు తేల్చుకోవాలి. నా మటుకు, మొదటి రెండేళ్లూ పిలవకపోవడమే మంచిదనిపిస్తుంది.

ఒప్పుకోనివాళ్లు కొందరు ఉంటారు. వాళ్ల అభ్యంతరాలు పుస్తకంలో రాయండి. ఆడపిల్లల ఫోటోలు తీస్తారని ఒకరంటారు, తాగి గొడవ చేస్తారని ఒకరంటారు. మీరు అతిథులకు పెట్టబోయే నియమాలు ఈ అభ్యంతరాల్లోంచే వస్తాయి. బయటి కన్సల్టెంట్ ఎవరూ ఇంత బాగా రాసివ్వలేరు.

2. నీళ్ల లెక్క

ఇక్కడ తొందరపడొద్దు. సీమలో ఇంకే లెక్క తప్పినా సర్దుకోవచ్చు, నీళ్ల లెక్క తప్పితే ఊళ్లో తగాదా ఖాయం.

జల్ జీవన్ మిషన్ ప్రకారం పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు. సిటీ మనిషి షవర్ కింద నిలబడితే అంతకంటే ఎక్కువ ఒక్క స్నానానికే అయిపోతాయి. షవర్ లేకుండా బకెట్ స్నానం, తక్కువ నీళ్ల ఫ్లష్, గిన్నెలు, దుప్పట్లు ఉతకడం, అన్నీ కలిపి అతిథికి రోజుకు 120 లీటర్లు అనుకుందాం. నాలుగు గదుల్లో ఎనిమిది మంది ఉంటే దాదాపు వెయ్యి లీటర్లు. అంటే ఎనిమిది మంది అతిథులు పద్దెనిమిది మంది ఊరివాళ్ల వాటా వాడుకుంటున్నారన్నమాట. ఈ అంకెను పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

తర్వాత ఊరి బోర్లు చూడండి. నవంబరులో కాదు, ఏప్రిల్ ఆఖర్లో. ఎన్ని గంటలు మోటారు ఆడితే ట్యాంకు నిండుతోంది, ఎప్పుడు గాలి పోస్తోంది, ఎన్ని రోజులకొకసారి ట్యాంకరు పిలిపిస్తున్నారు, ఇవన్నీ వాటర్‌మన్‌కు నోటికి వచ్చు. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏడాది మొత్తానికి నెలవారీ పట్టిక వేయండి. ఏ నెలలో ఊరికి మిగులు లేదో ఆ నెల మూసేయాలి. ఎక్కువ ఊళ్లకు ఏప్రిల్, మే, జూన్ మూసేయక తప్పదు. ఎలాగూ 42 డిగ్రీల ఎండలో కోట బండల మీద నడవడానికి ఎవరూ ఇష్టపడరు, కాబట్టి నష్టం తక్కువే. అసలు సీజన్ అక్టోబరు నుంచి ఫిబ్రవరి.

ఈ పట్టికలోంచే మీ పరిమితి బయటపడుతుంది: రాత్రికి ఎంతమంది. ఎనిమిదో పన్నెండో ఏదైనా సరే, గదులు ఆ అంకెను బట్టే రావాలి. గదులు ముందు కట్టేసి తర్వాత నీళ్లు వెతుక్కుంటే ట్యాంకరు ఖర్చు లాభాన్ని మింగేస్తుంది. పక్కింటివాళ్ల చూపు కూడా మారుతుంది.

3. చూసి రండి

ఈ పని నడపడానికి ఊరు వేసుకునే సంఘంలోంచి ఐదారుగురు, అందులో సగం ఆడవాళ్లు ఉండేలా, ఒక టెంపో మాట్లాడుకుని నాలుగు చోట్లకు పోండి.

నల్లమలలో ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో అటవీ శాఖ జంగిల్ క్యాంపు ఉంది. అడవిని పుట్టినప్పటి నుంచి ఎరిగిన చెంచులు అక్కడ పనిలో ఉంటారు. జీతం ఎంత, సీజన్ లేనప్పుడు ఏం చేస్తారు, నిర్ణయాలు ఎవరివి అని వాళ్లనే అడగండి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు ఇంట్లోనే పని చూపిస్తూ దీపాల షేడ్లు, బొమ్మలు అమ్ముతారు. ఈ కళకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2020లో ఈ ఊరి దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. పని చూసిన తర్వాత కొనేవాడు బేరం తక్కువ ఆడతాడన్న సంగతి అక్కడ కళ్లారా చూడొచ్చు.

చిలమత్తూరు మండలం వీరాపురంలో కొంగలు ఊరి మధ్య చెట్ల మీదే గూళ్లు పెడతాయి. తరాలుగా ఊరివాళ్లే వాటిని కాపాడుతున్నారు. (అందరూ సైబీరియా కొంగలంటారు గానీ, అవి పెయింటెడ్ స్టార్క్‌లు, మన దేశపు పక్షులే. మీ గైడ్లు మాత్రం ఈ పొరపాటు చేయకుండా చూడండి.) పర్యాటకం ఆలోచన పుట్టకముందే అక్కడ కాపలా ఉంది. ఇక కర్నూలు పక్క ఓర్వకల్లు. పొదుపు సంఘాల మహిళలు ఎలా లెక్కలు రాసుకుంటారో, ఎలా తీర్మానం చేస్తారో ఒక పూట కూర్చుని చూస్తే చాలు, సగం శిక్షణ అయిపోయినట్టే.

4. ఏం చూపాలి, ఏం చూపకూడదు

కోటను అమ్మే పని మీది కాదు. దాని కోసం వాళ్లు ఎలాగూ వస్తున్నారు. వాళ్లను ఇంకో పూట ఊళ్లో ఆపేది ఏముందో అదే మీ సరుకు. చార్టు కాగితం మీద ఊరి పటం గీసి, ముసలివాళ్లను, పిల్లలను విడివిడిగా నడిపించి అడగండి. పాత దిగుడుబావి, నాపరాళ్ల గని, మంద తోలుకుపోయే బాట, ఎర్రమల కొండ మీద ఒక బండ, ఇలాంటివి పిల్లలు చూపించినంత బాగా పెద్దలు చూపించలేరు.

గంటన్నర నడక చాలు. ఉదయం ఆరున్నరకు మందతో బయల్దేరి ఎనిమిదింటికి ఇంటికొచ్చి ఉగ్గాని బజ్జి తినడం. కాపరి కూలి మొత్తం ఇవ్వాలి. టిప్పుతో సరిపెట్టొద్దు.

చూపకూడనివి చెబుతాను. లంకమల అడవుల్లోని కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న తరుణంలో 1986లో మళ్లీ దొరికింది. రాత్రి తిరిగే పక్షి, పొదల మధ్య ఖాళీ నేల దాని ఇల్లు. "కలివికోడి టూర్" అని బోర్డు పెట్టి రాత్రిళ్లు టార్చి లైట్లతో జనాన్ని తిప్పితే మిగిలిన కాసిన్ని పక్షులకూ చోటు లేకుండా పోతుంది. రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనబడటమే గగనం. కృష్ణజింకలు మాత్రం పెరిగి చుట్టుపక్కల చేలు మేశాయి, రైతులకు అడవి శాఖ మీద కోపం మిగిలింది. ఒక జంతువు పేరు మీద ఊరిని నడపాలనుకుంటే ముందు ఆ రైతుల మాట వినండి. పంట నష్టానికి మీ నిధిలోంచి ఎంతో కొంత ఇచ్చే ఏర్పాటు లేకపోతే ఎకో టూరిజం అన్న పేరు పెట్టుకోకపోవడమే మర్యాద.

5. గదులు

కొత్త కాంక్రీటు గది కట్టొద్దు. ఊళ్లో వాడకుండా పడి ఉన్న పాత మట్టి మిద్దె ఒకటో రెండో ఉంటాయి. రాతి గోడలు, కొయ్య దూలాలు, పైన చౌడు మట్టి. మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో పది నిమిషాలు, మిద్దె కింద పది నిమిషాలు కూర్చుంటే తేడా చర్మానికే తెలుస్తుంది. ఏసీ ఖర్చు తప్పుతుంది. అయితే పైన చౌడు ప్రతి ఏడాదీ వానలకు ముందు సరిచేయాలి. ఆ పని తెలిసిన ముసలాయన ఊళ్లో ఒకరిద్దరే మిగిలి ఉంటారు. ఆయన పక్కన ఇద్దరు కుర్రాళ్లను పెట్టి కూలి ఇచ్చి నేర్పించండి. నేలకు మన నాపరాయే, ఇంకేం వద్దు.

అతిథి క్షమించనివి రెండు: మరుగుదొడ్డి, దుప్పటి. డబ్బంతా అక్కడ పెట్టండి. జంట గుంతల మరుగుదొడ్డి చాలు, బోరుకు కనీసం 15 మీటర్ల దూరంలో. తెల్ల దుప్పట్లు, దోమతెర, కరెంటు పోతే వెలిగే లైటు, ఫోన్ ఛార్జింగ్ పాయింటు. తలుపు మీద ఒక కాగితం అంటించండి: "చెప్పులు, బూట్లు దులిపి వేసుకోండి." తేళ్ల సంగతి మనకు మామూలే గానీ వాళ్లకు పెద్ద టెన్షన్.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో ఇంటికి ఒకటి నుంచి ఆరు గదుల వరకే అనుమతి, యజమాని అదే ఇంట్లో ఉండాలి. ఊరి హోమ్‌స్టేకు ఆ నియమం మంచిదే. ఇల్లు మొత్తం అద్దెకిచ్చి మనుషులు టౌనుకు పోతే అది లాడ్జి.

6. వంట

వంట ఒకే ఇంటికి అప్పజెప్పకుండా వారం వారం ఇల్లు మార్చండి. వంటింటి పరీక్ష మాత్రం అందరికీ ఒకటే: కాచి చల్లార్చిన నీళ్లు, మూతలు, చేతులు కడిగే సబ్బు, గోళ్లు.

మెనూ సిటీ హోటల్‌ను చూసి రాయొద్దు. రాత్రికి జొన్న రొట్టె, పప్పు, ఊరుబిండి, నాటుకోడి పులుసు, రాగి సంగటి. ఉదయం ఉగ్గాని లేదా కారం దోశ. రొట్టె అతిథి ముందే తట్టండి. కాగిన నీళ్లు పోసి పిండి పిసకడం, అరచేత్తో తిప్పుతూ తట్టడం, పెనం మీద వేసి పైన నీళ్లు తడపడం, నిప్పుల మీద నిలబెడితే పొంగడం. ఈ పావుగంట చూసినవాళ్లు పక్కన కూర్చుని ఒకటి తట్టబోయి చించుకుంటారు, నవ్వుకుంటారు, రెండు రొట్టెలు ఎక్కువ తింటారు. ఇంతకు మించిన వినోద కార్యక్రమం అక్కర్లేదు. కారం విషయంలో మొహమాటం వద్దు, ముందే అడిగి సగం తగ్గించండి. మన మామూలు కారంతో పెడితే వాళ్ల తర్వాతి రోజు పాడవుతుంది.

జొన్నలు, కొర్రలు, చెనిక్కాయలు ఊరి రైతుల దగ్గరే, మార్కెట్ రేటు కంటే కొంచెం ఎక్కువకు కొనండి. కిలో పొట్లాలు కట్టి అమ్మితే పోయేటప్పుడు పట్టుకెళ్తారు. ఈ పని పొదుపు సంఘానికి ఇవ్వండి. ఆహారం అమ్మేవాళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, చిన్న వ్యాపారానికి అది ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.

7. డబ్బు పంపకం

సంఘాలు విరిగిపోయేది ఇక్కడే. అంకెలతో చూద్దాం. ఇద్దరు అతిథులు, ఒక రాత్రి. గది 1,200, భోజనాలు 800, గైడు 500, మొత్తం 2,500 రూపాయలు అనుకోండి. ప్రతి ఆదాయంలోంచి 15 శాతం సంఘానికి. అప్పుడు ఇంటివాళ్లకు 1,020, వంటవాళ్లకు 680, గైడుకు 425, సంఘానికి 375. ఆ 375లో 250 ఊరి నిధికి, అంటే నీళ్లు, చెత్త, పంట నష్టం. మిగిలిన 125 ఫోన్ చూసే మనిషికి, మరమ్మతులకు.

ఇప్పుడు వంటవాళ్ల 680ని విడదీయండి. సరుకులకు 300 పోతే 380 మిగిలింది. ఇద్దరు ఆడవాళ్లు రాత్రి, పొద్దున కలిపి ఎన్ని గంటలు పనిచేశారు? గంటకు చేను కూలి కంటే తక్కువ పడుతుంటే భోజనం ధర పెంచాలి, లేదా నలుగురి కంటే తక్కువమందికి వండకూడదన్న నియమం పెట్టాలి. ఇంటి ఆడవాళ్ల పనిని లెక్కలోకి తీసుకోకుండా చూపే లాభం దొంగ లాభం.

క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే ఉండాలి, ఎవరి సొంత ఫోన్‌పేదీ కాదు. ఖాతాకు ఇద్దరి సంతకాలు, అందులో ఒకరు మహిళ. నెలకొకసారి పుస్తకం బయట పెట్టి బిగ్గరగా చదవాలి. అతిథులను ఇళ్లకు వరస ప్రకారం పంపాలి. ఫలానా ఇల్లే కావాలని అతిథి అడిగినా మొదటి ఏడాది వరస తప్పొద్దు. రిజిస్ట్రేషన్‌కు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం బాగుంటుంది. ప్రభుత్వ వాటా లేకుండా సభ్యులే నడుపుకోవచ్చు. ఇప్పటికే బలమైన గ్రామ సమాఖ్య ఉంటే కొత్త సంఘం అవసరం లేదు, దాని కిందే ఒక కమిటీ వేసుకోండి.

8. గైడ్లు, భద్రత

గైడుకు ముందు నేర్పాల్సింది చరిత్ర కాదు, లోయ అంచు. చాలా చోట్ల కంచె లేదు, బండలు వానకు జారతాయి, సెల్ఫీ కోసం వెనక్కి నడిచేవాళ్లకు అంచు కనబడదు. చీకటి పడ్డాక, వాన పడ్డాక అంచుకు తీసుకుపోకూడదు. అతిథి ఎంత బతిమాలినా సరే. మందు తాగినవాళ్లను నడకకు తీసుకుపోకూడదు. మైలవరం జలాశయంలోనో, పెన్నాలోనో ఈతకు దింపకూడదు.

పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు. కరిచిన అవయవం కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. విషానికి విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో సీజన్ మొదట్లోనే పోయి కనుక్కుని, ఆ నంబరు ప్రతి గదిలో రాయండి.

చరిత్ర సంగతికొస్తే, తెలియంది తెలియదని చెప్పే గైడే మంచి గైడు. రాయలవారు ఈ బండ మీదే కూర్చున్నారని చెప్పే కథలు కాసేపు బాగుంటాయి, ఫోన్‌లో వెతికితే పరువు పోతుంది. బేలం గుహల గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు, 1980లలో జర్మన్ బృందం లోపలికి పోయి కొలిచింది, పొడవు 3,229 మీటర్లు, 2002 నుంచి జనానికి తెరిచారు. ఇంత చాలు.

9. అనుమతులు

పంచాయతీ తీర్మానం, పర్యాటక శాఖలో హోమ్‌స్టే నమోదు, పోలీస్ స్టేషన్‌లో సమాచారం. అతిథుల గుర్తింపు కార్డు నకలు, రిజిస్టరు తప్పనిసరి. విదేశీయులు బస చేస్తే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. మరిచిపోతే కేసు అవుతుంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. స్నానాల గది కట్టే ముందే టేపు పెట్టి కొలుచుకోండి. రిజర్వ్ ఫారెస్టులోకి నడక ఉంటే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి తీసుకోండి. నోటిమాట ఆఫీసరు మారగానే పోతుంది.

10. బయటి ఏజెంట్లు, చెత్త, మొదటి సీజన్

ఏజెంటు కమీషన్ ఎంతైనా అడగనీ, ధర మాత్రం మీరే నిర్ణయించాలి, అతిథికి మీ ధర తెలియాలి. "మొత్తం సీజన్ మాకే ఇవ్వండి, అడ్వాన్స్ ఇస్తాం" అనేవాళ్లు వస్తారు. వద్దనండి. ఉచితంగా ఉండి వీడియో చేస్తామనేవాళ్లకు ఒక రాత్రి ఇవ్వొచ్చు, భోజనం డబ్బు మాత్రం తీసుకోండి. వంటవాళ్ల కూలి ఎవరి సబ్‌స్క్రైబర్లతోనూ తీరదు.

చెత్తకు ఒకటే పద్ధతి పనిచేస్తుంది: తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి తీసుకుపోవాలని బుకింగ్‌లోనే రాసి, వచ్చినప్పుడు సంచి చేతికివ్వడం. స్టీలు బిందెలో చల్లని తాగునీళ్లు పెడితే బాటిళ్లు సగం తగ్గుతాయి.

మొదటి సీజన్‌లో రెండే గదులు తెరవండి. ముందు తెలిసినవాళ్లను, కడప, ప్రొద్దుటూరు ఉద్యోగుల కుటుంబాలను సగం ధరకు పిలిచి లోపాలు రాయించుకోండి. ఫిబ్రవరి ఆఖర్లో మళ్లీ సభ పెట్టి నాలుగు లెక్కలు చదవండి: ఎన్ని రాత్రులు నిండాయి, ఏ ఇంటికి ఎంత చేరింది, నీళ్లు ఎంత వాడారు, గొడవలు ఎన్ని. మొదట అభ్యంతరం చెప్పినవాళ్లను పేరుపేరునా అడగండి. వాళ్లు ఇంకా వద్దంటుంటే మూడో గది ఆపండి.

బాగా నడిస్తే వెంటనే వచ్చే ఒత్తిడి గదులు పెంచమనే. పరిమితి దాటి బుకింగులు వస్తే పక్క ఊరికి పంపండి. అక్కడా ఇలాంటి కమిటీ వేసుకోవడానికి సాయం చేసి, ధరలు రెండు ఊళ్లలో ఒకటే ఉండేలా మాట్లాడుకోండి. లేకపోతే ఏడాది తిరగకుండానే ఒకరి కంటే ఒకరు తగ్గించుకుంటూ పోతారు, ఆ తగ్గేదంతా వంటవాళ్ల కూలిలోంచే పోతుంది. సీజన్ మధ్యలో బోరు గాలి పోస్తే మాత్రం ఆ వారం బుకింగులు రద్దు చేసి, డబ్బు వాపసు వేసి, కారణం ఉన్నదున్నట్టు రాయండి: "ఊరికి నీళ్లు చాలడం లేదు, వానలు పడ్డాక రండి."